ట్రాక్టరు ఉండుండి మిస్ కొడుతుంటే ఎలా కనిపెట్టాలి?

సోమశిల నీళ్లొదిలి కోవూరు, బుచ్చి వైపు కయ్యల్లో దమ్ము మొదలైందంటే చాలు, ఏదో ఒక బండి గెనిమ పక్కన మిస్ కొడుతూ, అంటే ఒక సిలిండరులో డీజిల్ సరిగా మండక తడబడుతూ, నిలబడి ఉంటుంది. వచ్చిన మెకానిక్కు ముందు నాజిళ్లకు డీజిల్ కొట్టే పంపే కనిపిస్తుంది. ఊడదీసి నెల్లూరుకో ఒంగోలుకో కాలిబ్రేషన్‌కు, అంటే డీజిల్ కొలత సరిచేయడానికి, పంపుతాడు. బిల్లు కట్టి తెచ్చి బిగిస్తే మళ్లీ అదే కొట్టుడు. పంపును చూడాల్సింది అన్నిటికన్నా చివర, మొదట కాదు.

డీజిల్ ఇంజనుకు స్పార్క్ ప్లగ్గు లేదు. డీజిల్, గాలి, కంప్రెషన్ (సిలిండరులో ఆ గాలిని నొక్కే బలం), ఈ మూడే. కంప్రెషన్ తగ్గిన సిలిండరు పొద్దున చల్లగా ఉన్నప్పుడు కొట్టి, వేడెక్కాక కాస్త సర్దుకుంటుంది. వస్తూ పోతూ ఉండే మిస్ చాలావరకు డీజిల్ దారిదే.

స్పానర్లు, కొత్త రాగి వాచర్లు, జానెడు తెల్ల ప్లాస్టిక్ డీజిల్ పైపు, శుభ్రమైన నూలుగుడ్డ, కళ్లద్దాలు చాలు.

ముందు ట్యాంకు మూత. మిస్ కొడుతున్నప్పుడే మూత వదులు చేయండి. గాలి పీల్చిన చప్పుడొచ్చి బండి సర్దుకుంటే మూత రంధ్రంలో బురద పట్టినట్టే. తర్వాత ఫిల్టరు కింది గిన్నెలో నీళ్లున్నాయేమో చూసి వదిలేయండి. ఫిల్టరు పాతదైతే మార్చండి, కడిగి వాడొద్దు. కేన్లలో డీజిల్ తెచ్చి చేలో పోసేవాళ్ల బండ్లలో సగం రోగం ఇక్కడే తేలిపోతుంది.

ట్యాంకు సగానికి తగ్గాకే మిస్ వస్తోందా? డీజిల్ పైపులోకి ఎయిర్ పడుతోంది. ఫిల్టరుకూ పంపుకూ మధ్య ఆ తెల్ల పైపు వేసి చూడండి, బుడగలు కంటికే కనిపిస్తాయి. బాంజో బోల్టుల (డీజిల్ పైపును బిగించే బోలు బోల్టుల) రాగి వాచర్లు మార్చి, గాలి వదిలే బ్లీడ్ స్క్రూ వదులు చేసి, నురగ పోయి డీజిల్ ధారగా వచ్చేదాకా ప్రైమర్ (చేత్తో కొట్టే చిన్న పంపు) కొట్టండి. పాత వాచర్‌ను రాయి మీద రుద్ది వేసేవాళ్లకు దండం.

అయినా పోకపోతే ఏ సిలిండరో పట్టుకోవాలి. అందరూ చెడగొట్టేది ఇక్కడే.

ముందొక మాట. సిలిండరు పట్టుకోవడానికి ఇంజను నడుస్తుండగానే నాజిల్ పైపు నట్టు వదులు చేయాలి. కామన్ రైల్ (అన్ని నాజిళ్లకూ ఒకే గొట్టం నుంచి డీజిల్ అందే పద్ధతి) ఉన్న బండి మీద ఈ పని చేయొద్దు. 2023 జనవరి నుంచి 50 హార్స్‌పవర్ దాటిన ట్రాక్టర్లకు కొత్త పొగ నిబంధనలు వచ్చాక ఇవి పెరిగాయి. వాటి పైపుల్లో ప్రెషర్ వెయ్యి బార్ దాటుతుంది. కంపెనీ మనిషిని పిలవండి.

పాత రకం పంపున్న బండైతే అరగంట రోటవేటర్ తోలి, ఇంజను ఆపకుండా గట్టుకు తెచ్చి, మిస్ కొడుతున్నప్పుడే చేయండి. బాగా నడుస్తున్నప్పుడు చేస్తే ఏమీ తెలియదు, అన్ని సిలిండర్లూ మంచివే అనిపిస్తాయి. నాజిల్ (సిలిండరులోకి డీజిల్ చిమ్మేది) దగ్గర పైపును పట్టి ఉంచే యూనియన్ నట్టు చుట్టూ మట్టి తుడవండి. గుడ్డ మడిచి నట్టు మీద కప్పి అర చుట్టు మాత్రమే వదులు చేయండి. ఇంజను శబ్దం పడిపోతే ఆ సిలిండరు పనిచేస్తున్నట్టు. ఏ తేడా లేకపోతే దొంగ అదే. బిగించి తర్వాతిదానికి వెళ్లండి.

లీకు ఎక్కడుందో చూద్దామని వేలు అడ్డం పెట్టొద్దు. ఆ ప్రెషర్‌కు డీజిల్ చర్మంలోకి దూరిపోతుంది. పైకి సూది పోటంత మచ్చ, మొదట్లో నొప్పి కూడా పెద్దగా ఉండదు, లోపల మాత్రం కండ చచ్చిపోతుంది. అలా జరిగితే పసుపు అద్ది కూర్చోకుండా వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లి, ప్రెషర్ డీజిల్ దూరిందని డాక్టరుకు చెప్పండి. కారిన డీజిల్ వేడి మానిఫోల్డ్ (పొగ బయటికి పోయే గొట్టం) మీద పడకుండా చూడండి, బీడీ దగ్గరికి రానివ్వొద్దు. బిగించేటప్పుడు పైపు మెలితిరగకూడదు, బలమంతా చూపకూడదు. పైపు చివర కోన్ నలిగిందంటే ఇక అక్కడ కారుతూనే ఉంటుంది.

స్క్రూడ్రైవర్ చెవికి ఆనించి వింటే చాలనే మేస్త్రీలున్నారు. చెవికి చప్పుడే వినపడుతుంది, ఆ సిలిండరు బలం తెలియదు.

దొంగ దొరికాక ఇంజను ఆపి, ఆ నాజిల్‌ను పక్క సిలిండరులోకి మార్చండి, కొత్త వాచర్లతో. మిస్ కూడా వెంట వెళ్లిందా, నాజిల్‌దే తప్పు. అక్కడే ఉండిపోయిందా, ట్యాపెట్ గ్యాపు (వాల్వు దగ్గర ఉండాల్సిన సందు), కంప్రెషన్ చూపించండి. అవి బాగుంటేనే పంపు విప్పండి. పంపు కాలిబ్రేషన్ చేసేవాడికి ఎన్నో నంబరు సిలిండరో కాగితం మీద రాసివ్వండి.