డీవీసీ రీసేల్‌లో ఒకేసారి నాలుగైదు ఆఫర్లు పెట్టేటప్పుడు

డిస్నీ వెకేషన్ క్లబ్ (డీవీసీ) అంటే డిస్నీ టైమ్‌షేర్: కాంట్రాక్టు కొంటే ఏటా కొన్ని పాయింట్లు వస్తాయి, వాటితో డిస్నీ రిసార్ట్‌లలో గదులు బుక్ చేసుకోవచ్చు. ఆ కాంట్రాక్టును డిస్నీ దగ్గరే కొత్తగా కొనొచ్చు, లేదా ఇప్పటికే ఉన్న ఓనర్ దగ్గర బ్రోకర్ ద్వారా కొనొచ్చు. రెండోదే రీసేల్. ధర బాగా తగ్గుతుంది కాబట్టి అమెరికాలో పిల్లలతో ఏటా ఓర్లాండో వెళ్లే మనవాళ్లు చాలామంది దీనివైపే చూస్తారు. చిక్కల్లా ఏమిటంటే, మంచి కాంట్రాక్టు లిస్టింగ్‌లో పడిన రోజే దానికి ఇద్దరు ముగ్గురు ఎగబడతారు. ఒక్కదానికే ఆఫర్ పెట్టి రెండు రోజులు జవాబు కోసం కూర్చుంటే అదీ పోతుంది, ఈలోపు మిగతావీ పోతాయి. అందుకని ఒకేసారి నాలుగైదింటికి ఆఫర్లు పంపుతుంటారు. పంపడం తేలికే. నాలుగూ ఒప్పుకుంటే ఏం చేస్తామో ముందే తేల్చుకోకపోతేనే గొడవ.

అన్నీ కావాలా, ఒకటి చాలా?

మీకు మొత్తం 300 పాయింట్లు కావాలి, వాటిని రెండు మూడు కాంట్రాక్టులుగా కూడబెట్టుకుందామనుకున్నారు. అప్పుడు ఒకేసారి ఆఫర్లు పెట్టడంలో ఇబ్బందేమీ లేదు. పరిమితి మాత్రం ఒక్కో ఆఫర్ మీద కాదు, జవాబు రావలసిన ఆఫర్లన్నిటి మొత్తం మీద ఉండాలి. మీ దగ్గర 30,000 డాలర్లుంటే, ఒక్కో సమయంలో పెండింగులో ఉన్న ఆఫర్లు, వాటి క్లోజింగ్ (కాంట్రాక్టు మీ పేరుకు మార్చే) ఖర్చులతో కలిపి, ఆ 30,000 దాటకూడదు. క్లోజింగ్ ఖర్చు ప్రతి కాంట్రాక్టుకూ విడిగా కట్టాలి. మూడు చిన్న కాంట్రాక్టులంటే ఆ ఖర్చు మూడుసార్లు.

ఒక్కటి చాలనుకున్నవాళ్ల పని వేరు. ఐదు చోట్ల ఆఫర్ పెట్టి ఇద్దరు ఒప్పుకుంటే ఒకరికి మాట తప్పాలి. డీవీసీ కాంట్రాక్టు స్థిరాస్తి లెక్కే. ఫ్లోరిడాలో స్థిరాస్తి ఒప్పందం రాతపూర్వకంగా సంతకం అయితేనే చట్టపరంగా కట్టుబాటు, కాబట్టి సంతకానికి ముందు తప్పుకుంటే కేసేమీ పడదు. కానీ డీవీసీ రీసేల్ చేసే బ్రోకర్లు కొద్దిమందే. ఒకసారి ఒప్పించి వెనక్కి తగ్గిన పేరు వాళ్లకు గుర్తుండిపోతుంది, తర్వాతి ఆఫర్‌ను సెల్లర్ దగ్గరకు తీసుకెళ్లేటప్పుడు ఆ సంగతీ చెబుతారు. దీనికి నిజాయితీగల దారి ఒకటుంది. ప్రతి ఆఫర్‌కూ 24 గంటల గడువు పెట్టండి. "ఇంకో రెండు చోట్ల కూడా ఆఫర్లున్నాయి, ముందు ఒప్పుకున్నవారిది తీసుకుంటాను, ఆ వెంటనే మిగతావి వెనక్కి తీసుకుంటాను" అని మెయిల్‌లోనే రాసేయండి. ఇలా రాస్తే కొందరు సెల్లర్లు నొచ్చుకుని పక్కన పెడతారు, నిజమే. చాలామంది మాత్రం తొందరగా జవాబిస్తారు.

ఆఫర్‌కు ముందు ఖాయం చేసుకోవలసినవి

మొదటిది యూజ్ ఇయర్, అంటే ఏటా మీ పాయింట్లు వచ్చే నెల. ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్, జూన్, ఆగస్టు, సెప్టెంబర్, అక్టోబర్, డిసెంబర్: ఈ ఎనిమిదే ఉంటాయి. పలు కాంట్రాక్టులు కొనేవాళ్లకు ధర కన్నా ఇదే ముఖ్యం. యూజ్ ఇయర్ ఒకటే అయి, డీడ్ (యాజమాన్య దస్తావేజు) మీద పేర్లు ఒకేలా ఉంటే అన్ని కాంట్రాక్టులూ ఒకే మెంబర్‌షిప్ కిందకి వస్తాయి. వేరైతే వేరే మెంబర్‌షిప్ నంబరు వస్తుంది. అప్పుడు ఒకదానిలోని పాయింట్లను ఇంకోదానితో కలిపి ఒకే బుకింగ్ చేయాలంటే ట్రాన్స్‌ఫర్ చేసుకోవాలి, అది యూజ్ ఇయర్‌కు ఒక్కసారే. పాయింటుకు రెండు డాలర్లు తక్కువకు వస్తోందని వేరే యూజ్ ఇయర్ కాంట్రాక్టు కొంటే ఆ ఇబ్బంది ఏళ్ల తరబడి వెంటాడుతుంది.

ఏ నెల మంచిదన్నది మీరు ఎప్పుడు వెళతారన్నదాన్ని బట్టి ఉంటుంది. వాడని పాయింట్లను మరుసటి ఏడాదికి బ్యాంక్ చేయాలంటే యూజ్ ఇయర్ మొదలైన 8 నెలల్లోపే చేయాలి. స్కూలు సెలవులకు జూన్, జులైలో వెళ్లేవాళ్లు ఆగస్టు యూజ్ ఇయర్ కొన్నారనుకోండి, బ్యాంకింగ్ గడువు మార్చి 31తో అయిపోతుంది. మే నెలలో ప్రయాణం రద్దయితే ఆ పాయింట్లను జులై 31లోపు ఎలాగోలా వాడాలి, లేదా పోగొట్టుకోవాలి. అదే ఏప్రిల్ యూజ్ ఇయర్ అయితే నవంబర్ 30 వరకు వెసులుబాటు ఉంటుంది. క్రిస్మస్‌కు వెళ్లేవాళ్లకు ఇదంతా తారుమారు: వాళ్లకు ఆగస్టు, సెప్టెంబర్, అక్టోబర్ హాయి, ఏప్రిల్ ఇబ్బంది.

రెండోది పేర్లు. ఇక్కడ మనవాళ్లు జాగ్రత్తగా ఉండాలి. ఒక ఐడీలో ఇంటిపేరు ముందు, ఇంకోదానిలో చివర. ఒకచోట పూర్తి పేరు, ఇంకోచోట పొడి అక్షరం. పాస్‌పోర్టులో పేరంతా ఇంటిపేరు గడిలోనే పడి వీసా మీద ఎఫ్‌ఎన్‌యూ (మొదటి పేరు తెలియదు) అని వచ్చినవాళ్లు. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకోని భార్యలు. ఇవన్నీ మామూలే. కానీ ఒక డీడ్ మీద ఒకలా, ఇంకోదాని మీద ఇంకోలా పడితే ఆ రెండు పేర్లూ వేరువేరు ఓనర్లవని డిస్నీ అనుకుంటుంది. ప్రభుత్వ ఐడీ మీదున్నట్టు పేర్లను ఒక ఫైల్‌లో టైపు చేసి పెట్టుకుని, ప్రతి బ్రోకర్‌కూ అక్కడి నుంచే కాపీ చేసి పంపండి. ఇండియా నుంచి వచ్చే అమ్మానాన్నల కోసం వాళ్ల పేర్లు డీడ్‌లో ఎక్కించాల్సిన పని లేదు. ఓనర్ ఎవరి పేరు మీదనైనా గది బుక్ చేయొచ్చు.

మూడోది రిసార్ట్. సొంత రిసార్ట్‌లో (అంటే మీ కాంట్రాక్టు ఏ రిసార్ట్‌దో అందులో) 11 నెలల ముందు, మిగతావాటిలో 7 నెలల ముందు బుక్ చేసుకోవచ్చు. రెండు రిసార్ట్‌లలో చెరో 100 పాయింట్లు కొంటే 11 నెలల గడువులో ఆ రెండూ కలవవు, 7 నెలలప్పుడే కలుస్తాయి. 2019 జనవరి 19 నుంచి రీసేల్‌లో కొన్నవాటికి ఇంకో నిబంధన తోడైంది. పాత 14 రిసార్ట్‌ల పాయింట్లు ఆ 14 లోనే చెల్లుతాయి. ఆ తర్వాత వచ్చిన రివియెరా రిసార్ట్ పాయింట్లు రివియెరాలోనే. రెండూ కొని కలిపి వాడదామంటే కుదరదు. కాంట్రాక్టు ముగిసే ఏడాది కూడా చూడండి. బోర్డ్‌వాక్, బీచ్ క్లబ్ 2042లో, సారటోగా స్ప్రింగ్స్ 2054లో, యానిమల్ కింగ్‌డమ్ 2057లో, పాలినేషియన్ 2066లో ముగుస్తాయి. వీరో బీచ్ అంత చవకగా కనిపించడానికి కారణం ఉంది: ఏటా కట్టే నిర్వహణ రుసుము (డ్యూస్) చాలా ఎక్కువ, పైగా 2042తో సరి.

లిస్టింగ్‌ను లెక్కగా మార్చడం

ఒక స్ప్రెడ్‌షీట్ తెరవండి. రిసార్ట్, యూజ్ ఇయర్, పాయింట్లు, అడిగిన ధర, మీ ఆఫర్ ధర, పోయిన ఏడాది నుంచి బ్యాంక్ అయిన పాయింట్లు, ఈ ఏడాదివి, వచ్చే ఏడాదివి, ఈ ఏడాది డ్యూస్ ఎవరు కట్టాలి, క్లోజింగ్ ఖర్చు, ఆఫర్ గడువు. అన్నీ ఒకే వరుసలో ఉండాలి. పాయింట్ ధర ఒక్కటే చూసి పోల్చుకుంటే తప్పకుండా మోసపోతారు.

సారటోగాలో 160 పాయింట్ల కాంట్రాక్టులు రెండున్నాయనుకుందాం. ధరలు లెక్క కోసం వేసినవే. ఒకటి పాయింటుకు 95 డాలర్లు, క్లోజింగ్ 650, మొత్తం 15,850. ఇంకోటి 102 చొప్పున, అదే క్లోజింగ్‌తో 16,970. రెండోదానిలో పోయిన ఏడాదివి 160 పాయింట్లు బ్యాంక్ చేసి ఉన్నాయి, మిగతాదంతా సమానం. అన్ని పాయింట్లను వేరే ఓనర్ దగ్గర అద్దెకు తీసుకోవాలంటే మీకు పాయింటుకు 17 డాలర్లు పడేదైతే వాటి విలువ 2,720. కట్టేది 1,120 ఎక్కువ, చేతికొచ్చేది 2,720. అంటే ఖరీదుగా కనిపించేదే 1,600 చవక. కానీ బ్యాంక్ చేసిన పాయింట్లను మళ్లీ బ్యాంక్ చేయలేరు. యూజ్ ఇయర్ ఐదు నెలల్లో ముగుస్తుంటే, క్లోజింగ్‌కే రెండు మూడు నెలలు పోతే, వాటిని వాడే వీలు దొరకడం కష్టం. అప్పుడు ఆ గడిలో సున్నా వేసుకోవడమే న్యాయం.

చిన్న కాంట్రాక్టులకు పాయింట్ ధర ఎక్కువ పలుకుతుంది. ఓనర్ తన 300 పాయింట్ల కాంట్రాక్టును ముక్కలు చేసి అమ్ముకోలేడు కదా, అందుకే చిన్నవి అరుదు. రేపు మీరు అమ్మాలన్నా తేలిగ్గా పోతాయి. ఒకే సెల్లర్ ఒకే యూజ్ ఇయర్‌లో రెండు మూడు చిన్నవి పెడితే అన్నిటికీ కలిపి ఒకే ఆఫర్ ఇవ్వండి, క్లోజింగ్ ఫీజులో తగ్గింపు కూడా అడగండి. ఒకేసారి ఆఫర్ పెట్టడానికి ఇంతకన్నా మంచి అవకాశం ఉండదు.

అసలు ధర ఎంత పలుకుతోందో తెలియాలంటే ఓర్లాండో ఉన్న ఆరెంజ్ కౌంటీ కంప్ట్రోలర్ రికార్డుల్లో డీడ్‌లు చూడొచ్చు. డీడ్ మీద స్టాంపు పన్ను ప్రతి 100 డాలర్లకు 70 సెంట్లు. డీడ్ మీద 98 డాలర్ల పన్ను ఉంటే అమ్మకం 14,000కు జరిగినట్టు. కొనేవారి గడిలో డిస్నీ వెకేషన్ డెవలప్‌మెంట్ పేరుంటే డిస్నీయే (కింద చెప్పే తన హక్కు వాడుకుని) తీసుకున్నట్టు గ్రహించొచ్చు.

ఆఫర్‌లో ఏం రాయాలి

లిస్టింగ్ నంబరు, పాయింట్ ధర, మొత్తం, క్లోజింగ్ ఎవరిది, ఈ ఏడాది డ్యూస్ ఎవరివి, ఏ ఏడాది పాయింట్లు ఎన్ని రావాలో అంకెలతో, గడువు ఏ రోజు ఎన్ని గంటలకు, నగదా, లోనా. ఇవన్నీ నాలుగైదు వాక్యాల్లో సరిపోతాయి. ఈ ఏడాది పాయింట్లు సెల్లర్ వాడేసుకుని ఉంటే ఆ ఏడాది డ్యూస్ మీరు కట్టకూడదు. చాలా కాంట్రాక్టుల్లో ఈ ఒక్క వరుస సరిచేసుకుంటేనే వెయ్యి డాలర్ల దాకా మిగులుతుంది. పంపే ముందే బ్రోకర్‌ను అడగండి: సెల్లర్‌కు బుకింగ్ ఉండి క్లోజింగ్ ఆలస్యమవుతుందా? లోన్ ఉందా? విడాకుల కేసు గానీ, చనిపోయినవారి ఆస్తి గానీ అవునా? సెల్లర్ అమెరికా బయట ఉంటున్నారా? విదేశీ సెల్లర్ అయితే కొనేవారు ధరలో 15% పట్టి ఐఆర్‌ఎస్‌కు (అమెరికా పన్నుల శాఖకు) కట్టాల్సి వస్తుంది, ఆ పని టైటిల్ కంపెనీ (యాజమాన్య బదిలీని నడిపే సంస్థ) చూస్తుందో లేదో ముందే తేల్చుకోండి. అమెరికా పౌరసత్వం లేని మీరు ఇండియాకు తిరిగొచ్చేశాక అమ్ముకుంటే ఇదే నియమం మీకూ తగులుతుంది.

సెల్లర్ వేరే ధర చెబితే, దాన్ని కౌంటర్ అంటారు, మీ మొదటి ఆఫర్ అక్కడితో చచ్చినట్టే. మీ మొత్తంలోంచి దాన్ని తీసేసి, కొత్త అంకెతో మళ్లీ కూడి, అప్పుడే జవాబివ్వండి. వద్దనుకున్న ఆఫర్‌ను ఊరికే వదిలేయొద్దు. సెల్లర్ ఒప్పుకోకముందే "వెనక్కి తీసుకుంటున్నాను" అని మెయిల్ పెట్టండి.

రోఫర్, క్లోజింగ్

ఇద్దరూ సంతకం చేసి, మీరు డిపాజిట్ కట్టాక కాంట్రాక్టు డిస్నీకి వెళుతుంది. అదే ధరకు తానే కొనే హక్కు డిస్నీకి 30 రోజులపాటు ఉంటుంది. దాన్నే ఓనర్లు రోఫర్ (రైట్ ఆఫ్ ఫస్ట్ రిఫ్యూజల్‌కు పొట్టి పేరు) అంటారు. ప్రతి కాంట్రాక్టుకూ ఆ 30 రోజులు విడివిడిగా నడుస్తాయి, ఒకటి డిస్నీ తీసుకున్నా మిగతావి నిలుస్తాయి. డిస్నీ తీసుకుంటే డిపాజిట్ తిరిగి వస్తుంది, పోయేది నెల రోజుల సమయమే. అందుకే అన్ని ఆఫర్లూ ఒకే రిసార్ట్‌లో అట్టడుగు ధరకు పెట్టకండి. ఈ వేసవికే పాయింట్లు కావాలంటే కనీసం ఒకటైనా మార్కెట్ ధరకు దగ్గరగా ఉండాలి. సంతకానికి ముందు రద్దు నిబంధన ఏం చెబుతోందో ప్రతి కాంట్రాక్టులోనూ చదవండి. డిస్నీ దగ్గర నేరుగా కొన్నవారికి ఫ్లోరిడా చట్టం ఇచ్చే 10 రోజులు రీసేల్‌లోనూ ఉంటాయని ఊహించుకోవద్దు.

రోఫర్ దాటాక డిస్నీ నుంచి ఎస్టాపెల్ అనే పత్రం టైటిల్ కంపెనీకి వస్తుంది. ఆ కాంట్రాక్టులో నిజంగా ఎన్ని పాయింట్లున్నాయో, డ్యూస్ బకాయి ఎంతో అందులో ఉంటుంది. కాపీ అడిగి తీసుకుని మీ స్ప్రెడ్‌షీట్ పక్కన పెట్టి చూడండి. లిస్టింగ్‌లో 160 అని, ఎస్టాపెల్‌లో 112 అని ఉంటే డబ్బు పంపకముందే అడగాలి. డబ్బు వైర్ చేసే ముందు ఖాతా వివరాలను టైటిల్ కంపెనీకి ఫోన్ చేసి సరిచూసుకోండి. ఆ ఫోన్ నంబరు మెయిల్‌లోది కాకుండా, మీరు ముందే రాసి పెట్టుకున్నదై ఉండాలి. మూడు క్లోజింగ్‌లు ఒకేసారి నడుస్తుంటే మూడు టైటిల్ కంపెనీల నుంచి మెయిళ్లు వస్తుంటాయి, నకిలీ మెయిల్ వాటి మధ్యలో తేలిగ్గా కలిసిపోతుంది.

మొదటి కాంట్రాక్టు డీడ్ రికార్డయి మెంబర్‌షిప్ నంబరు రాగానే, అదే యూజ్ ఇయర్ ఉన్న మిగతా కాంట్రాక్టుల టైటిల్ కంపెనీలకు ఆ నంబరు పంపి, బదిలీ పత్రంలో రాయించండి. అలా రాయించకపోతే రెండోదానికి వేరే నంబరు పుట్టొచ్చు. అప్పుడు డిస్నీ మెంబర్ అడ్మినిస్ట్రేషన్‌కు ఫోన్ చేసి రెండూ కలపమని అడగాలి. పేర్లు అచ్చంగా ఒకేలా ఉంటే ఆ పని కుదురుతుంది, ఒక్క అక్షరం తేడా ఉన్నా ముందు డీడ్ సరిచేయించుకోమంటారు.