చైనా మూలికా యోగాలు, 4వ పాఠం: చెమట పడుతున్నవాడికి చెమట మందా?

ఈ వారం యిన్ చియావ్ సాన్ అనే యోగం (మూలికల కలయిక) మొదలుపెడతానన్నాను. పెడతాను, కానీ చివర్లో. ముందు పోయిన పాఠం సంగతి తేల్చుకోవాలి.

అభ్యాసంలో ఇచ్చిన రోగి గుర్తున్నాడు కదా. జలుబు మొదలై ఒక రోజైంది, కొద్దిగా జ్వరం, ఫ్యాన్ గాలి కూడా ఓర్చుకోలేడు, మెడ వెనక తడిగా ఉంది. మీలో చాలామంది గుయ్ జి తాంగ్ (ఐదు మూలికల కషాయం) అని రాసి పక్కనే ప్రశ్నార్థకం పెట్టారు. కొందరు ఏ మందూ వద్దని వదిలేశారు. అందరికీ అడ్డుపడింది ఒకటే: గుయ్ జి తాంగ్ చెమట పట్టించే మందైతే, ఇప్పటికే చెమట పడుతున్నవాడికి ఎందుకు?

చాలా మంచి ప్రశ్న. చైనా వైద్యంలో ఒంటి పైపొరను కాపలా కాసేది వెయ్, లోపల ఉండి పోషించేది యింగ్. గాలి సోకినప్పుడు వెయ్ పైన పోరాటంలో పడి, చర్మ రంధ్రాలను పట్టి ఉంచలేదు. అప్పుడు యింగ్ బయటికి కారిపోతుంది. ఆ రోగి ఒంటి మీది తడి అదే. అది ఎంత పట్టినా జ్వరం దిగదు, ఒళ్ళు తేలికపడదు. ఈ కారుడు ఆగి, అసలైన చెమట పట్టాలి.

అందుకే యోగంలో గుయ్ జి (చైనా దాల్చిని చెట్టు లేత కొమ్మలు) మూడు లియాంగ్‌లు (లియాంగ్ అంటే పాత చైనా తూకం), బై షావ్ (తెల్ల పియొనీ వేరు) కూడా సరిగ్గా మూడు లియాంగ్‌లు. మొదటిది బయటికి తోస్తుంది, రెండోది లోపలికి పట్టి ఉంచుతుంది. అల్లం మొదటిదానికి తోడు, ఎండు రేగుపండ్లు రెండోదానికి. అతిమధురం అన్నింటినీ కలుపుతుంది. ఈ సమానత్వమే యోగానికి ప్రాణం. బై షావ్‌ను ఆరు లియాంగ్‌లు చేయండి, అది కడుపు ఉబ్బరం, నొప్పికి ఇచ్చే వేరే యోగమైపోతుంది. గుయ్ జిని ఐదుకు పెంచండి, పొత్తికడుపు నుంచి గుండె వైపు ఏదో దూసుకొస్తున్నట్టుండే బాధకు ఇచ్చే ఇంకో యోగం. మూలికలు మాత్రం అవే ఐదు. అందుకే పేర్లు బట్టీ పట్టే ముందు తూకాలు నేర్చుకోమంటాను.

ఇక నన్ను ఎక్కువగా బాధపెట్టిన సంగతి. "మందు తాగి, మూడు దుప్పట్లు కప్పుకుని, బట్టలు తడిసేదాకా పడుకోవాలి" అని చాలా జవాబుల్లో ఉంది. వద్దు! సుమారు 1800 ఏళ్ల కింద జాంగ్ జోంగ్‌జింగ్ అనే వైద్యుడు షాంగ్ హాన్ లున్ అనే గ్రంథంలో దీన్ని స్పష్టంగా రాశాడు. ఏడు షెంగ్‌ల (షెంగ్ అంటే పాత చైనా ద్రవ కొలత) నీళ్లు సన్నటి మంట మీద మూడు షెంగ్‌లయ్యేదాకా కాచాలి. ఒక షెంగ్ గోరువెచ్చగా తాగాలి. కాసేపటికి వేడి పల్చటి గంజి తాగాలి. సుమారు రెండు గంటలు కప్పుకోవాలి. ఒళ్ళంతా సన్నగా తేమ పడితే చాలు, నీళ్లలా కారితే రోగం పోదు. ఒక మోతాదుకే తగ్గితే మిగతాది తాగకూడదు. గంజిని పథ్యం అనుకుని వదిలేయకండి. సన్నటి చెమటకు కావలసిన సత్తువ దాన్నుంచే వస్తుంది. మా హువాంగ్ (ఎఫెడ్రా మొక్క) ముఖ్యంగా ఉండే మా హువాంగ్ తాంగ్ యోగానికి మాత్రం గంజి అక్కర్లేదంటాడు, మా హువాంగ్ ఒక్కటే అంత బలంగా తోస్తుంది.

ఇంకొకటి, పారాసిటమాల్ వేసుకున్నాక పట్టిన చెమటను లెక్కలోకి తీసుకోకండి. మాత్ర వేసుకోకముందు ఎలా ఉందో అడగండి. నేనైతే నాడి కంటే ముందు మెడ వెనక అరచేయి పెట్టి చూస్తాను.

మా హువాంగ్ కొని కాచుకోవచ్చా అని అడిగినవాళ్లకు: వద్దు. అందులో ఎఫెడ్రిన్ ఉంది. గుండె వేగం, బీపీ పెంచుతుంది. అమెరికాలో 2004లో ఎఫెడ్రా ఉన్న ఆహార సప్లిమెంట్లను నిషేధించారు. మనం ఇక్కడ యోగాన్ని చదవడం నేర్చుకుంటున్నాం. ఆయాసం వస్తే, జ్వరం దిగకపోతే డాక్టర్ దగ్గరికే వెళ్లాలి.

ఇప్పుడు యిన్ చియావ్ సాన్. చింగ్ రాజుల కాలంలో వూ జుతోంగ్ రాసిన యోగం. చలి తక్కువ, జ్వరం ఎక్కువ, గొంతు నొప్పి, దాహం ఉంటే ఇది. హనీసకుల్ పూలు, ఫోర్సిథియా కాయలు ముఖ్యం, పుదీనా జాతి ఆకు తోడు. మన కషాయం అలవాటుతో నాలుగో వంతుకు మరిగించారంటే పాడైపోతుంది. ఘుమఘుమ వాసన బాగా లేవగానే దించేయాలి. ఎక్కువ మరిగితే మందు పైనున్న ఊపిరితిత్తులను వదిలి పొట్ట వైపు దిగుతుందని వూ జుతోంగ్ హెచ్చరిక. మిగతా మూలికలు వచ్చే పాఠంలో.

అభ్యాసం: ఇద్దరు రోగులు, ఇద్దరికీ మెడ, వీపు బిగుసుకుపోయాయి. ఒకరికి చెమట పడుతోంది, ఇంకొకరికి పట్టడం లేదు. ఇద్దరికీ గుయ్ జి తాంగ్‌లోని ఐదు మూలికలూ, గె గెన్ (కుడ్జు) వేరూ ఇవ్వాలి. ఒక్కరికే మా హువాంగ్ చేరుతుంది. ఎవరికి, ఎందుకు? "చెమట" అన్న మాట వాడకుండా, వెయ్, యింగ్‌లతోనే కారణం పది వాక్యాల్లో రాయండి.