తుంటి మార్పిడి తర్వాత తొడలో నొప్పా? తొడ ఎముక సంగతి చూడండి

తుంటి మార్పిడి చేయించుకున్నవాళ్లకు డిశ్చార్జి రోజు చెప్పే జాగ్రత్తలు చాలావరకు కొత్తగా పెట్టిన కీలు బంతి దాని గిన్నెలోంచి జారకుండా ఉండటానికే. కింద కూర్చోకండి, కాలు మీద కాలు వేసుకోకండి, ఎత్తు కుర్చీ వాడండి. తొడ ఎముక విరగొచ్చన్న మాట మాకెవరూ చెప్పలేదు. అమ్మ బాత్రూంలో జారి పడ్డాకే తెలిసింది.

ఆపరేషన్‌లో తొడ ఎముక లోపలి గొట్టంలోకి ఒక లోహపు కాడ దింపుతారు. ఇంట్లో మనం రాడ్డు అంటాం, డాక్టర్లు స్టెమ్ అంటారు. పడితే ఎముక ఆ రాడ్డు చుట్టూనో, దాని కొసకి కాస్త కిందనో విరగొచ్చు. ఎముక గుల్లబారినవాళ్లకి, రాడ్డు వదులైనవాళ్లకి, రెండోసారి తుంటి మార్చుకున్నవాళ్లకి ఈ ముప్పు ఎక్కువ.

సమస్య: పడ్డాక కాలు మోపలేకపోతున్నారు, కాలు పొట్టిగా కనిపిస్తోంది, పాదం పక్కకి తిరిగిపోయింది

ఎముక విరిగి ఉండొచ్చు, బంతి జారి ఉండొచ్చు. ఇంట్లో తేల్చుకునే విషయం కాదు. లేపి నిలబెట్టకండి, కాలు లాగకండి, తైలం రాయకండి. కాలు ఉన్నది ఉన్నట్టే ఉంచి, కదలకుండా పక్కన దిండ్లు ఆనించి 108కి ఫోన్ చేయండి. ఆపరేషన్ అవసరం పడొచ్చు కాబట్టి తినడానికి, తాగడానికి ఏమీ ఇవ్వకండి. నాటు కట్టు జోలికి అసలు వెళ్లకండి. లోపల రాడ్డు కదిలిందో లేదో పైనుంచి కట్టే కట్టుకి తెలియదు.

సమస్య: పడ్డారు, వాకర్‌తో నడుస్తున్నారు, కానీ తొడ నొప్పి తగ్గట్లేదు

అమ్మ విషయంలో జరిగింది ఇదే. ముందు తుంటి దగ్గర ఒక్క ఎక్స్‌రే తీసి, "బంతి చోటునే ఉంది, కండ పట్టేసింది" అని పంపేశారు. అమ్మ మాత్రం ప్రతిసారీ మోకాలికి జానెడు పైన చెయ్యి పెట్టి, "తుంటి కాదే, ఇక్కడ" అనేది. మూడో రోజు ఇంకో చోట తొడ మొత్తం ఎక్స్‌రే తీస్తే రాడ్డు కొస కింద సన్నటి చీలిక కనిపించింది. మొదటి ఫిల్ము అంతదాకా రానేలేదు.

అందుకే చెబుతున్నాను, మొహమాటపడకండి: "తుంటి నుంచి మోకాలి దాకా, రెండు వైపుల నుంచీ ఎక్స్‌రే తీయండి" అని గట్టిగా అడగండి. అందులోనూ స్పష్టంగా లేకపోతే సీటీ స్కాన్ గురించి అడగండి. తేలేదాకా ఆ కాలి మీద బరువు వేయనివ్వకండి.

సమస్య: పడలేదు, కానీ కుర్చీలోంచి లేచాక మొదటి నాలుగడుగులు తొడలో నొప్పి

ఆపరేషన్ అయిన కొన్నేళ్లకు ఇలా మొదలైతే రాడ్డు వదులైందేమో చూడాలి. బంతి కూర్చునే ప్లాస్టిక్ గిన్నె అరిగి, ఆ రేణువుల వల్ల చుట్టూ ఎముక కరిగిపోవచ్చు. ఇన్ఫెక్షన్ కూడా కావచ్చు. పాత ఎక్స్‌రే పక్కన కొత్తది పెట్టి చూస్తే రాడ్డు దిగిందో లేదో తెలుస్తుంది. వాపు, ఇన్ఫెక్షన్ జాడ ఉందేమో చూసే ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ అనే రక్తపరీక్షలు చేయిస్తారు, అవసరమైతే కీలులోంచి నీరు తీసి పరీక్షిస్తారు. వదులైన రాడ్డు ఉన్న ఎముక చిన్న తూలుకే విరగొచ్చు, వాయిదా వేయకండి.

సమస్య: ఆపరేషన్ అయి కొన్ని వారాలే అయింది, తగ్గుతున్న నొప్పి మళ్లీ పెరిగింది

కొన్ని రాడ్లని ఎముక సిమెంట్‌తో అతికిస్తారు, కొన్నిటిని సిమెంట్ లేకుండా బిగిస్తారు. సిమెంట్ లేకుండా బిగించే రాడ్డుని సుత్తితో కొట్టి దింపుతారు. అప్పుడు ఎముక చిట్లవచ్చు. ఆపరేషన్ టేబుల్ మీదే గమనిస్తే తీగ చుట్టి బిగిస్తారు. గమనించకపోతే తర్వాత చీలిక పెరిగి రాడ్డు కిందికి దిగొచ్చు. వెంటనే ఆపరేషన్ చేసిన డాక్టరు గారికే చూపించండి. ఎముక పలచబడిన పెద్దవాళ్లలో సిమెంట్ రాడ్డుకి ఈ ముప్పు తక్కువ. ఆపరేషన్ ఇంకా కాకపోతే ఈ మాట ముందే అడగండి.

చికిత్స దేన్నిబట్టి?

"రాడ్డు గట్టిగా ఉందా, వదులైందా?" డాక్టరుని అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే. రాడ్డు చుట్టూ విరిగిన ఎముకల్ని రకాలుగా విడదీయడానికి డాక్టర్లు 1995 నుంచి వాడుతున్న వాంకోవర్ వర్గీకరణ కూడా విరిగిన చోటు, రాడ్డు పట్టు, ఎముక నాణ్యత చూస్తుంది. రాడ్డు గట్టిగా ఉంటే సాధారణంగా ప్లేటు, స్క్రూలు, తీగలతో ఎముకని బిగిస్తారు. అమ్మకి అదే చేశారు. వదులైతే చాలావరకు పాతది తీసి విరిగిన చోటు దాటేలా పొడవాటి రాడ్డు వేస్తారు. ఎముకే మిగలకపోతే ఆపరేషన్ ఇంకా పెద్దదవుతుంది.

మళ్లీ జరగకుండా

ఎముక ఎంత గట్టిగా ఉందో చూసే డెక్సా స్కాన్ చేయించండి. అందులో వచ్చే టీ-స్కోర్ అనే అంకె మైనస్ 2.5, అంతకన్నా తక్కువైతే ఎముక గుల్లబారినట్టే, మందులు అవసరం. విటమిన్ డి పరీక్ష చేయించుకోండి. ఎముక గుల్లబారడానికి ఇచ్చే ఆలెండ్రొనేట్ లాంటి మాత్రలు ఏళ్ల తరబడి వాడుతూ తొడలోనో గజ్జలోనో కొత్తగా సలుపు వస్తే డాక్టరుకి చెప్పండి, అరుదుగా ఆ మందుల వల్లే తొడ ఎముక చిట్లుతుంది. నిద్రమాత్రలు, లేవగానే కళ్లు తిరిగించే బీపీ మందుల గురించీ అడగండి.

బాత్రూంలో గోడకి పట్టుకునే కడ్డీ, రాత్రంతా వెలిగే చిన్న లైటు పెట్టించండి. ఆపరేషన్ ఫైల్లో రాడ్డు కంపెనీ, సైజు ఉన్న స్టిక్కర్ ఉంటుంది. దాన్ని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. మళ్లీ ఆపరేషన్ చేయాల్సి వస్తే సర్జన్ మొదట అడిగేది అదే. మేం ఆ రాత్రి ఆ ఫైలు కోసం బీరువా మొత్తం కిందికి దించాం.