‘బ్రాల్’ అనే ఇంగ్లీషు మాటను సరిగ్గా ఎలా వాడాలి?

బెజవాడలో మనకి అన్నిటికీ ఒకటే మాట, గొడవ. ఇంటి ఓనరుతో అద్దె దగ్గర గొడవ, అన్నదమ్ముల మధ్య పొలం గొడవ, బెంజ్ సర్కిల్లో బండికి బండి రాసుకుంటే గొడవ. అదే అలవాటుతో ఇంగ్లీషులో అన్నిటికీ ‘ఫైట్’ అనేస్తాం. ఇక పోటీ పరీక్షల కోసం పర్యాయపదాలు బట్టీ పట్టినవాళ్లయితే ఎక్కడ పడితే అక్కడ ‘బ్రాల్’ దించేస్తారు. ఈ మాట ఎక్కడ అతుకుతుందో, ఎక్కడ అతకదో ఒక వరసలో చూద్దాం.

1. ముందు నోరు తిప్పండి

హాల్, బాల్, కాల్ అన్నప్పుడు మధ్యలో ఏ శబ్దం వస్తుందో ఇక్కడా అదే. ‘బరాల్’ అనకండి, బ, ర కలిసే పలకాలి. ఇంట్లో పిల్లలుంటే వాళ్లనే అడగండి, 2018లో వచ్చిన ‘బ్రాల్ స్టార్స్’ అనే మొబైల్ గేమ్ పుణ్యమా అని ఈ మాట మనకంటే వాళ్లకే బాగా తెలుసు.

2. చేతులు లేచాయా, గోల ఉందా, నలుగురిలో జరిగిందా?

అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. పండిట్ నెహ్రూ బస్ స్టేషన్ బయట ఇద్దరు ఆటోవాళ్లు ఒకే బేరం కోసం పోటీ పడ్డారనుకోండి. నేను ముందు పిలిచానంటే నేను ముందు పిలిచానని మాటామాటా అనుకుంటున్నారు. ఇంతవరకు ఇది ‘ఆర్గ్యుమెంట్’. గొంతులు లేచి, టీ బండి దగ్గరున్నవాళ్లు కూడా తిరిగి చూస్తున్నారంటే బ్రిటిష్ వాళ్లు దాన్ని ‘రౌ’ అంటారు (వరుస అనే అర్థంలో ‘రో’ అని పలికే మాటకీ దీనికీ స్పెల్లింగ్ ఒకటే, జాగ్రత్త). ఒకడు రెండోవాడి చొక్కా పట్టుకున్నాడు, వాడు తోశాడు, ఇద్దరూ ఆటో మీద పడి లేచారు. ఈ తోపులాట ‘స్కఫుల్’. అంతలో అటు నుంచి ఇద్దరు, ఇటు నుంచి ముగ్గురు దిగారు, చెప్పులు లేచాయి, చెరుకురసం బండి మీద గ్లాసులు పగిలాయి, వదలండ్రా వదలండ్రా అంటూ విడదీయబోయిన పెద్దాయనకి కూడా రెండు తగిలాయి, బేరం మాత్రం బ్యాగు చంకన పెట్టుకుని సిటీ బస్సెక్కి వెళ్లిపోయాడు. ఇదిగో, ఇదీ బ్రాల్. మన కొట్లాటకి దగ్గరగా ఉంటుంది.

సాధారణంగా ఇందులో జనం ఎక్కువే ఉంటారు, ఇద్దరే కొట్టుకున్నా అనొచ్చు. కాకపోతే అదుపూ పద్ధతీ లేని కొట్లాట అయి ఉండాలి. రింగులో రిఫరీ పెట్టుకుని జరిగే బాక్సింగ్ బ్రాల్ కాదు. అయితే కాచుకోవడం పెద్దగా పట్టించుకోకుండా మీదమీదికొచ్చి గుద్దులు కురిపించే బాక్సర్‌ని మాత్రం ‘బ్రాలర్’ అంటారు.

3. వాక్యంలో దేని పక్కన పెట్టాలి?

కొట్లాట మొదలైందనడానికి ‘ఎ బ్రాల్ బ్రోక్ అవుట్’ అంటారు. విడదీశారు అనాలంటే ‘బ్రేక్ అప్’, అంటే ‘ది పోలీస్ బ్రోక్ అప్ ది బ్రాల్’. ముందు పెట్టే మాటల్లో తరచుగా కనిపించేవి డ్రంకెన్, స్ట్రీట్, మాస్. అమెరికా బేస్‌బాల్‌లో బెంచీల మీదున్న ఆటగాళ్లు కూడా లేచొచ్చి కలబడితే దాన్ని ‘బెంచ్ క్లియరింగ్ బ్రాల్’ అంటారు.

క్రియగా వాడితే మనవాళ్లు ఎక్కువగా తప్పుచేసేది ఒకచోటే. ‘హి బ్రాల్డ్ హిమ్’ అని రాయకూడదు. ఎవరితో అన్నదానికి ‘విత్’, దేని గురించి అన్నదానికి ‘ఓవర్’ కావాలి. ‘దే బ్రాల్డ్ విత్ ది నైబర్స్ ఓవర్ పార్కింగ్’ అంటే సరిపోతుంది.

4. ఎక్కడ వద్దు?

హక్కుల కోసం, అవినీతి మీద, రోగం మీద పోరాటం అన్నప్పుడు ‘ఫైట్’ అనండి. అక్కడ బ్రాల్ పెడితే నవ్వుతారు, ఎందుకంటే ఈ మాటలో కాస్త చిన్నచూపు ఉంది, వీధికెక్కి పరువు తీసుకున్నారన్న వాసన. మొగుడూపెళ్లాలు నాలుగు గోడల మధ్య మాటలనుకుంటే ‘క్వారెల్’ చాలు.

5. పాత అర్థం తెలిసుంటే కథలు చదివేటప్పుడు తికమకపడరు

పాత ఇంగ్లీషు పుస్తకాల్లో ‘బ్రాలింగ్ స్ట్రీమ్’ అని వస్తుంది. వాగు ఎవరితో కొట్లాడుతుందని ఆశ్చర్యపోకండి, రాళ్ల మీదుగా గలగలా చప్పుడు చేస్తూ పారే నీళ్లని అర్థం. ప్రకాశం బ్యారేజీ గేట్లెత్తినప్పుడు కృష్ణమ్మ హోరుకి ఇది సరిపోదు, దానికి ‘రోర్’ అనాలి. ఇంగ్లండులో చర్చిలోనో దాని ఆవరణలోనో గోల చేయడం ‘బ్రాలింగ్’ అనే నేరంగా ఉండేది, దానికి చెయ్యి చేసుకోనక్కర్లేదు, నోరు చేసుకున్నా చాలు. అమెరికన్ల వాడుకలో ఓ గోలగోల పార్టీని కూడా బ్రాల్ అంటారు గానీ మనకి ఆ అవసరం రాదు.

6. పోలీసు భాషా, పేపరు భాషా

మన చట్టంలో ఇలాంటి కొట్లాటకి వాడే మాట ‘అఫ్రే’. ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువమంది బహిరంగ ప్రదేశంలో కొట్టుకుని జనం ప్రశాంతతకి భంగం కలిగిస్తే అది అఫ్రే. ఐపీసీలో 159, 160 సెక్షన్లుగా ఉండేది, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 194వ సెక్షన్ అయింది. శిక్ష నెల వరకు జైలు, లేదా 1000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ‘రయట్’ వేరే సంగతి, దానికి కనీసం ఐదుగురు ఒకే ఉద్దేశంతో చట్టవిరుద్ధంగా గుమిగూడి ఉండాలి, అందులో ఎవరైనా ఆ ఉద్దేశం కోసం బలప్రయోగం చేయాలి. కాబట్టి నలుగురు కొట్టుకున్నదాన్ని రయట్ అని అనువదించకండి.

తెలుగు పేపర్లో ‘బాహాబాహీ’ అని హెడ్డింగ్ కనిపిస్తే ఇంగ్లీషులో బ్రాల్ అని రాసేముందు లోపలి వార్త చదవండి. నిజంగా దెబ్బలు పడ్డాయంటే బ్రాల్. కౌన్సిల్ మీటింగులో అజెండా కాగితాలు చించి, మైకులు లాక్కుని, పోడియం దగ్గర అరుచుకుని వాకౌట్ చేసిన ‘రగడ’ అయితే ‘రకస్’ అని రాసేయండి.