కొలంబియా నదిలో పైక్‌మిన్నో వేటకు బయల్దేరే ముందు

అమెరికా వాయవ్యంలోని కొలంబియా, స్నేక్ నదుల్లో సాల్మన్ పిల్లల్ని మింగేసే ఈ చేపను పట్టి అప్పగిస్తే డబ్బిస్తారు. సీజన్ సాధారణంగా మే 1 నుంచి సెప్టెంబర్ 30 వరకు.

☐ లైసెన్స్ దగ్గరుండాలి. గాలం వేయకముందే, ఆ రోజుకు పేరు నమోదు కావాలి. చాలామంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే: ముందు పట్టి తర్వాత నమోదు చేస్తే ఆ చేపలకు పైసా రాదు.

☐ కొలబద్ద. చేప తల నుంచి తోక కొస దాకా కనీసం 9 అంగుళాలు ఉండాల్సిందే.

☐ నోరు చూడండి. పైక్‌మిన్నో నోరు పెద్దది, చీలిక కంటి దాకా వెళ్తుంది, పళ్లుండవు. చూడ్డానికి దీనిలాగే ఉండే పీమౌత్ అనే చేప నోరు చిన్నది, కంటిదాకా రాదు. దానికి బహుమతి లేదు, పాపం దాన్ని చంపకండి. సాల్మన్ పిల్ల తగిలితే చేయి తడిపి, నీళ్లలోనే కొక్కెం తీసి వదలండి.

☐ ఐసు పెట్టె. మే ఎండకే చేప మెత్తబడుతుంది, పాడైతే తీసుకోరు. కోయకుండా, అదే రోజు, చేపలు తీసుకునే కేంద్రం మూసేలోపు ఇవ్వండి.

☐ చేప వీపు మీద గుర్తుగా పెట్టిన సన్నని ట్యాగు దారం కనిపిస్తే పీకకండి, చేపతోనే ఇవ్వండి. మామూలు చేపకు 6 నుంచి 10 డాలర్లు వస్తే, ఇటీవలి సీజన్లలో ట్యాగు చేపకు 500.

☐ అడుగంతా రాళ్లే. సీసం గుండును అసలు దారం కంటే బలహీనమైన దారానికి కట్టండి. ఇరుక్కుంటే గుండొక్కటే పోతుంది.

☐ లైఫ్ జాకెట్ తొడుక్కునే పడవెక్కండి. మధ్యాహ్నం గాలి లేస్తుంది. డ్యాముల దగ్గర నిషేధ హద్దులు దాటకండి.