మెక్సికో సిటీలో మూడు రోజులు తిండి కోసమే తిరగడం ఎలా?

అమెరికా నుంచి మెక్సికో సిటీకి వెళ్ళొచ్చిన మనవాళ్ళు చూపించే ఫొటోలన్నీ ఒక్కలాగే ఉంటాయి. ఏసీ రెస్టారెంటు, నాచోస్ ప్లేటు, పక్కన కోక్. పైగా "ఏముందండీ, ఇంతకంటే డాలస్‌లోనే బాగుంటుంది" అని ఓ మాట. మరి డాలస్ తిండే వెతుక్కుంటే డాలస్‌లోనే బాగుంటుంది! ఫహీటాలు టెక్సాస్‌వి, నాచోస్ సరిహద్దు ఊరివి. ఈ నగరం వేరే ఏదో తింటుంది. అదీ పేటకో రకం, పూటకో రకం.

ఏటా కనీసం ఒకసారి ఎవరో ఒక చుట్టాన్ని వెంటబెట్టుకొని వెళ్తుంటాను. అలా తిరగ్గా తిరగ్గా కుదిరిన పద్ధతి ఇది.

ముందు చేయాల్సినవి

శుక్రవారం సాయంత్రం దిగాలి, సోమవారం పొద్దున్నే బయలుదేరాలి. ఎందుకో ఆదివారం దగ్గర చెప్తాను. అమెరికా వీసా చెల్లుబాటులో ఉన్నవాళ్ళను వేరే వీసా అడగడం లేదు, అయినా టికెట్ కొనేముందు కాన్సులేట్ పేజీ ఒకసారి చూసుకోండి. గది రోమా సూర్ పేటలో గానీ నార్వార్తే పేటలో గానీ తీసుకోండి. పోలాంకోలో వద్దు, అక్కడ రోడ్డు మీద తినేదానికంటే కారులోంచి చూసేదే ఎక్కువ. చిన్న నోట్లుగా పెసోలు, శానిటైజర్, నాలుగు ఓఆర్ఎస్ ప్యాకెట్లు జేబులో ఉండాలి. కుళాయి నీళ్ళు తాగొద్దు. హోటల్ బ్రేక్‌ఫాస్ట్ మానేయండి. ఫుడ్ టూర్ బుక్ చేయొద్దు, పదిమంది వెనక జెండా పట్టుకొని నడుస్తూ తినేది తిండి కాదు.

శుక్రవారం: కడుపు కట్టుకోండి

ఈ నగరం సుమారు 2,240 మీటర్ల ఎత్తున ఉంది. మన ఊటీ ఎంతో అంత. దిగిన రాత్రే టాకోలు, అంటే టోర్టియా అనే మొక్కజొన్న రొట్టెలో మాంసం పెట్టినవి, పది లాగిస్తే తెల్లవార్లూ కడుపుబ్బరం, తలనొప్పి. మొదటి రాత్రి కోడి పులుసు చాలు. దాన్ని కాల్దో దె గయీనా అంటారు. నిమ్మకాయ పిండుకొని తాగి పడుకోండి.

శనివారం పొద్దున: మెర్సెద్ మార్కెట్

మెట్రో ఎక్కి మెర్సెద్ స్టేషన్‌లో దిగితే మెట్లెక్కగానే మార్కెట్లో తేలతారు. టికెట్ 5 పెసోలు. దారిలో మెట్రో గుమ్మాల దగ్గర తమాలేలు అమ్ముతుంటారు. మొక్కజొన్న పిండిని పొత్తు ఆకుల్లో చుట్టి ఆవిరి మీద ఉడికిస్తారు. ఇక్కడివాళ్ళు దాన్ని బన్నులో పెట్టుకొని మరీ తింటారు. పిండిలో పిండిని పెట్టుకొని తినడమేమిటని నవ్వకండి. అటుకుల్లో ఇడ్లీ నంజుకున్నట్టే అనిపిస్తుంది గానీ, చలి పొద్దున అది కడుపులో వెచ్చగా కూర్చుంటుంది.

మార్కెట్లో త్లకోయో వేసే ఆవిడను వెతకండి. నీలం మొక్కజొన్న ముద్దలో చిక్కుడు గింజల ముద్ద పెట్టి, అరచేతుల మధ్య కోలగా తట్టి పెనం మీద వేస్తుంది. నూనె చుక్క వేయదు. కాలాక పైన ముక్కలు చేసిన నోపాల్ వేస్తుంది. నోపాల్ అంటే మన నాగజెముడే, ముళ్ళు తీసింది. ఆ పిండి వాసన మాత్రం ఎక్కడో తెలిసినట్టే ఉంటుంది. అది సున్నం వాసన. మొక్కజొన్నను సున్నపు నీళ్ళలో ఉడికించి, పొట్టు కడిగి, అప్పుడు రుబ్బుతారు. ఆ పని చేయకపోతే పిండి ముద్దకట్టదు, టోర్టియా విరిగిపోతుంది. సూపర్ మార్కెట్ మక్కపిండి తెచ్చి టోర్టియా రాలేదని ఏడ్చేవాళ్ళు ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి.

తాగడానికి హమైకా నీళ్ళు అడగండి. ఎర్రగా, పుల్లగా, తియ్యగా ఉంటాయి. ఏ పువ్వో అనుకునేరు, అది గోంగూర కాయ పైన ఉండే ఎర్రటి రేకు. మనం ఆకుతో పచ్చడి నూరుకుంటే వీళ్ళు ఆ రేకుతో షర్బత్ చేసుకున్నారు. కూరగాయల వరుసలో గంగవాయిలి కూర కట్టలు కూడా కనిపిస్తాయి, పేరు వెర్దోలాగాస్. దాన్ని పంది మాంసంతో వండుతారు. మా పిన్నికి ఆ సంగతి చెప్పకుండా ఉండాల్సింది.

మధ్యాహ్నం రెండింటికి ముందు భోజనం అడగొద్దు. ఇక్కడ భోజనవేళ రెండు నుంచి నాలుగు.

శనివారం రాత్రి: టాకో బండి దగ్గర

ఇక్కడే అందరూ బోల్తా పడేది. మిగతావన్నీ అటూ ఇటూ అయినా ఫర్వాలేదు, ఇది మాత్రం నిదానంగా చదవండి.

మొదటిసారి బాబాయిని తీసుకెళ్ళినప్పుడు తప్పు నాదే. బండి మీద ఆవిరి చూసి ఆగలేక మూడు సువాదేరో చెప్పాను. ఆయన కళ్ళు మూసుకొని తిని, "ఇదేం మటన్‌రా, వెన్నలా ఉంది" అన్నారు. నేను నోరు మెదపలేదు. రాత్రి గదిలో ఫోన్‌లో వెతుక్కొని ఆయనే కనిపెట్టారు. గొడ్డు మాంసం. మర్నాడంతా అరటిపళ్ళూ కాఫీ, మాటల్లేవు.

కాబట్టి బండి దగ్గరికెళ్ళేముందే మాంసం పేర్లు నోటికి రావాలి. సువాదేరో, బిస్తెక్, లెంగ్వా, కబేసా, త్రిపా అంటే దాదాపు ఎప్పుడూ గొడ్డుదే. పస్తోర్, కార్నీతాస్, లొంగనీసా పందివి. పోయో కోడి, బొర్రేగో గొర్రె. ఏదైనా అర్థంకాకపోతే వేలు చూపించి "దె కే ఎస్?" అనండి. దేనితో చేశారు అని. విసుక్కోరు.

కానీ పేరు తెలిస్తే సరిపోదు, పెనం చూడాలి. సువాదేరో బండి మీద మధ్యలో బుడిపెలా ఎత్తుగా, చుట్టూ కాలవలా లోతుగా ఉండే గుండ్రటి పెనం ఉంటుంది. ఆ కాలవలోని కొవ్వులోనే గొడ్డు మాంసం, పంది సాసేజ్, పేగులు కలిసి ఉడుకుతుంటాయి. టోర్టియాను కూడా అదే కొవ్వులో ఒకసారి ముంచి వేడి చేస్తాడు. అక్కడ "నాకు కోడి మాత్రమే" అనడంలో అర్థం లేదు. గొడ్డు మాంసం తిననివాళ్ళు ఆ బండి దాటి వెళ్ళిపోవాలి, ముఖ్యంగా పస్తోర్ చేసే చోటికి. అక్కడా పక్క పెనం మీద బిస్తెక్ కాలుతుంటే టోర్టియా ఎక్కడ వేడి చేస్తున్నాడో కూడా చూసుకోండి. గొడ్డు, పంది రెండూ తిననివాళ్ళకు టాకో రాత్రి అనవసరం, ఆదివారం దాకా ఆగండి.

పస్తోర్ అసలు లెబనాన్ నుంచి వచ్చినవాళ్ళ షవర్మా. గొర్రె పోయి పంది వచ్చింది, ఎర్ర మిరప ముద్ద పట్టింది, నెత్తిన అనాసపండు ఎక్కింది. మంచి చోటు ఎలా తెలుస్తుందంటే, ఆ మాంసపు బొంగరం తిరుగుతూ ఉండాలి, కోస్తూ ఉండాలి, మంట వెలుగుతూ ఉండాలి. అంచులు ఎండి నల్లబడి, మనిషి ఫోన్ చూసుకుంటుంటే వెనక్కి తిరగండి. కోసిన ముక్కల్ని మళ్ళీ పెనం మీద వేయించేవాడి దగ్గర నేను తినను, మీరూ తినొద్దు. డబ్బు ముట్టుకునే చెయ్యి, మాంసం ముట్టుకునే చెయ్యి వేరు వేరుగా ఉండాలి. ప్లేటుకు ప్లాస్టిక్ సంచి తొడిగి ఇస్తారు, అది మురికి కాదు, శుభ్రం. మనిషికో సంచి మారుస్తారు.

నార్వార్తేలో ఎల్ విల్సితో నాకు ఇష్టం. పగలు కార్లు బాగుచేసే షెడ్డు, రాత్రి టాకోలు. తొమ్మిది దాటాక వెళ్ళండి. అక్కడ కోసేవాడి చేతిని చూడండి. ఎడమ చేతిలో టోర్టియా, కుడి చేతిలో కత్తి. మాంసం రెండు గీతల్లో రాల్చి, అదే కత్తి కొనతో పైనున్న అనాసను చెక్కి విసురుతాడు, ముక్క వచ్చి టోర్టియాలో పడుతుంది. సాన్ రఫాయెల్ పేటలో 2024లో మిషెలిన్ స్టార్ అనే పెద్ద వంట గుర్తింపు వచ్చిన టాకో కొట్టు ముందు గంట నిలబడేవాళ్ళను చూస్తే నాకు జాలి. అక్కడ పేరున్న టాకో గొడ్డు మాంసమే, బాబాయిలాంటి వాళ్ళు గంట నిలబడి నీళ్ళు తాగి రావాలి.

ఒకసారికి రెండే చెప్పండి. చల్లారిన టాకో అట్టముక్క. "కోన్ తోదో" అంటే ఉల్లిపాయ, కొత్తిమీర వేస్తారు. మొదటి కొరుకు సాల్సా, అంటే వాళ్ళ కారం పచ్చడి, లేకుండా తినాలి.

ఇక సాల్సా. "గుంటూరు మిరపకాయ తిన్నవాళ్ళం, మాకేంటి" అన్నవాళ్ళందరూ నా ముందే కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. మన కారం నూనెలో వేగి, చింతపండులో ఊరి, అన్నంలో సర్దుకుంటుంది. ఇక్కడ పచ్చిమిరపకాయ నేరుగా నాలుక మీద పడుతుంది, పక్కన అన్నం లేదు, పెరుగు లేదు. ఎర్రదే కారమనుకోవద్దు, లేతాకుపచ్చగా నురగలా అమాయకంగా ఉండేదే చాలాసార్లు చంపుతుంది. చెంచా కొనతో చుక్క వేసుకొని చూడండి. మిరప పుట్టింది వీళ్ళ నేలలో, పోర్చుగీసువాళ్ళు ఓడలో తేకపోతే మన ఆవకాయకు ఎరుపెక్కడిది?

లేచేటప్పుడు ఎన్ని తిన్నారో చాలాచోట్ల మీరే చెప్పి డబ్బులివ్వాలి. లెక్క తప్పొద్దు.

ఆదివారం

మనకు ఆదివారం మటన్ ఎలాగో వీళ్ళకు బర్బకోవా అలాగ. ఆదివారం ఇక్కడ ఉండేలా రమ్మన్నది అందుకే. ఇదాల్గో రాష్ట్రం వైపు పద్ధతిలో గొర్రె మాంసాన్ని కలబందలాంటి పెద్ద మగేయ్ ఆకుల్లో చుట్టి, గోతిలో రాత్రంతా మగ్గబెడతారు. కింద గిన్నెలోకి కారిన రసంలో శనగలు ఉంటాయి. అది ముందు తాగాలి. పొద్దున పదింటికల్లా వెళ్ళండి, మధ్యాహ్నానికి ఎముకలే మిగులుతాయి. అయినా ఇది గొర్రేనా అని, "బొర్రేగో?" అని ఒకసారి అడగండి. ఇదే మా బాబాయి నన్ను క్షమించిన తిండి.

శాకాహారులు టోర్టియా మడిచి పెనం మీద కాల్చే కేసడియా తినొచ్చు, గుమ్మడిపువ్వుతో గానీ వీత్లకోచే అనే మొక్కజొన్న బూజుతో గానీ. "కోన్ కేసో" అని చెప్పకపోతే ఈ నగరంలో కేసడియాలో చీజ్ ఉండదు. చిక్కుడు ముద్ద, తమాలే తినేముందు "యేవా మాంతేకా?" అనండి, పంది కొవ్వు వేశారా అని. ఎర్ర అన్నం చాలాచోట్ల కోడి రసంతో వండుతారు.

సాయంత్రం కొయొవకాన్ మార్కెట్లో స్టూలు మీద కూర్చొని కోడి టింగా టొస్తాదా, అంటే కరకరలాడే టోర్టియా మీద కోడికూర. ఆ తర్వాత పాత ఊరు సెంట్రోలో 1935 నుంచి నడుస్తున్న ఎల్ మోరోలో నూనెలో వేయించిన పిండి కడ్డీలు చుర్రోలు, చాక్లెట్. మంచివే, పెద్దగా చెప్పేదేం లేదు.

తిరిగొచ్చేటప్పుడు ఎండు మిరపకాయలు తెచ్చుకోండి, విమానాశ్రయంలో డిక్లేర్ చేయండి. టోర్టియాలు మాత్రం తేవద్దు. ప్రతిసారీ మా పిన్ని రెండు కిలోలు తెస్తుంది, ప్రతిసారీ మూడో రోజున అవి నేనే చెత్తబుట్టలో వేస్తాను.