పాత కారు అమ్మాలన్నా, తుక్కుకు ఇవ్వాలన్నా: రికార్డులో మీ పేరు తొలిగే వరకు దరఖాస్తు విధానం

తాళం చెవులు ఇచ్చేసి, ఖాతాలో డబ్బు పడగానే కారు అమ్మకం అయిపోయిందని చాలామంది అనుకుంటారు. చట్టం అలా చూడదు. మోటారు వాహనాల చట్టం ప్రకారం ఎవరి పేరు మీద రిజిస్ట్రేషన్ ఉందో వారే యజమాని. బండి ఎవరి దగ్గరుందన్నది తర్వాతి మాట. నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. ఆ కారు ఒకరి తర్వాత ఒకరుగా చాలా చేతులు మారింది కానీ రిజిస్ట్రేషన్ మాత్రం మొదటి యజమాని పేరు మీదే ఉండిపోయింది. ఆ తర్వాత ప్రమాదం జరిగింది. పరిహారం బాధ్యత రికార్డులో పేరున్న మనిషిదేనని కోర్టు తేల్చింది. ఎప్పుడో అమ్మేసిన కారు, ఎవరో నడిపిన కారు, భారం మాత్రం మొదటివాడి నెత్తిన.

అందుకే ఇక్కడ ధర గురించి తక్కువగా, కాగితం గురించి ఎక్కువగా రాస్తున్నాను. వెయ్యో రెండు వేలో తక్కువకు అమ్మితే ఆ నష్టం అక్కడితో పోతుంది. పేరు మారకపోతే ఆ నష్టం ఎప్పుడు, ఏ రూపంలో వస్తుందో ఎవరూ చెప్పలేరు.

అమ్మాలా, తుక్కుకు ఇవ్వాలా

సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత ఫిట్‌నెస్ పరీక్ష చేయించి రెన్యూవల్ చేసుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి 15 ఏళ్లు దాటిన కారు రెన్యూవల్ ఫీజు 5,000 రూపాయలు. 20 ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో దాన్ని 10,000 రూపాయలు చేశారు. గ్రీన్ ట్యాక్స్ (పాత బండ్ల మీద వేసే పన్ను), రిపేర్లు వేరే. బండి బాగా నడుస్తూ, గడువు ఇంకా రెండు మూడేళ్లు ఉంటే అమ్ముకోవడమే లాభం. గడువు తీరి, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో టైర్లు నేలకు అంటుకుపోయిన కారైతే తుక్కుకు ఇవ్వడమే మేలు.

ఏ దారి పట్టినా ముందు సర్దుకోవలసినవి కొన్ని ఉన్నాయి. మొదటిది ఫైనాన్స్. అప్పు తీరి ఏళ్లయినా ఆర్సీలో బ్యాంకు పేరు అలాగే ఉన్న కార్లు చాలా ఉంటాయి. బ్యాంకు నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), వాళ్లు సంతకం చేసిన ఫారం 35 తెచ్చి హైపోథికేషన్, అంటే ఆర్సీలో ఉన్న అప్పు నమోదు, తీయించాలి. బ్యాంకులు ఇచ్చే ఎన్‌ఓసీకి మామూలుగా మూడు నెలల గడువు ఉంటుంది. బీరువాలో దాచిన పాత ఎన్‌ఓసీ పట్టుకెళ్తే చెల్లదంటారు, మళ్లీ బ్యాంకు చుట్టూ తిరగాలి. రెండోది చలాన్లు. నంబరు కొట్టి చూస్తే మీరు మరచిపోయినవి కూడా బయటపడతాయి. అమ్మకానికి ముందే కట్టేయండి. మూడోది ఆర్సీలో ఉన్న పేరు, చిరునామా, మొబైల్ నంబరు. దరఖాస్తుకు ఓటీపీ ఆ నంబరుకో, ఆధార్‌తో లింకయిన నంబరుకో వస్తుంది. పాత నంబరు ఎప్పుడో వదిలేసి ఉంటే ముందు దాన్ని మార్పించాలి.

హైదరాబాద్, రంగారెడ్డి సిరీస్ పాత కార్లున్న వాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. 2014 జూన్ 2కు ముందు ఏపీ 09, ఏపీ 28 లాంటి నంబర్లతో రిజిస్టరైన బండ్ల రికార్డు ఇప్పుడు తెలంగాణ రవాణా శాఖ దగ్గర ఉంటుంది. ప్లేటు మీద ఏపీ అని ఉన్నంత మాత్రాన అది ఆంధ్రప్రదేశ్ బండి కాదు. అలాంటి కారు కాకినాడలోనో కర్నూలులోనో ఉండి, అక్కడివాళ్లే కొంటున్నారంటే రాష్ట్రం మారినట్టే లెక్క. ఫారం 28తో తెలంగాణ నుంచి ఎన్‌ఓసీ తీసుకోవాలి. ఇప్పుడు తుక్కు వయసుకు వస్తున్న కార్లలో ఇవి చాలానే ఉన్నాయి.

కార్లు కొనే సంస్థకు అమ్మేటప్పుడు

కంపెనీ, మోడల్, సంవత్సరం, తిరిగిన కిలోమీటర్లు ఇస్తే యాప్‌లో ఒక ధర కనిపిస్తుంది. అది అంచనా మాత్రమే. అసలు ధర తనిఖీ తర్వాతే. ఇంటికొచ్చిన మనిషి బానెట్ ఎత్తి ఫెండర్ బోల్టుల మీద పెయింటు చెదిరిందా అని చూస్తాడు. చెదిరితే ఆ ఫెండర్ ఎప్పుడో ఊడదీశారని అర్థం. డోరు రబ్బరు లాగి లోపలి వెల్డింగు కంపెనీదేనా, షెడ్డులో కొట్టిందా అని చూస్తాడు. పెయింటు మందం కొలిచే మీటరు ఒక్కో ప్యానెల్ మీద పెడతాడు. ఇంజిన్ స్టార్ట్ చేసి ఆయిల్ మూత తీసి పొగ కొడుతోందేమో గమనిస్తాడు. యాక్సిడెంట్ అయి ఉంటే ముందే చెప్పేయండి. ఎలాగూ బయటపడుతుంది, దాచినందుకు ఇంకా ఎక్కువ కోస్తారు. తనిఖీకి ముందు వేలకు వేలు పోసి డెంటింగ్, పెయింటింగ్ చేయించడం కూడా దండగ. కొత్త పెయింటు చూస్తే అనుమానమే పెరుగుతుంది. శుభ్రంగా కడిగించి, సర్వీసు బిల్లులు ఒక ఫైల్లో పెట్టుకుంటే చాలు.

ధర కుదిరాక అడగవలసిన మొదటి ప్రశ్న: "మీకు రవాణా శాఖ ఆథరైజేషన్ ఉందా?" 2022 డిసెంబరులో కేంద్రం మోటారు వాహనాల నిబంధనలను సవరించి, 2023 ఏప్రిల్ 1 నుంచి పాత వాహనాల డీలర్లకు ఈ అనుమతి పెట్టింది. అనుమతి ఉన్న డీలరుకు బండి అప్పగిస్తే ఫారం 29సి ద్వారా ఆన్‌లైన్‌లో రవాణా శాఖకు తెలియజేయాలి. అందులో మీ సంతకం, డీలరు సంతకం రెండూ ఎలక్ట్రానిక్ పద్ధతిలో పడాలి. అది నమోదైన దగ్గర్నుంచి, కొత్త కొనుగోలుదారు పేరు ఎక్కేవరకు, డీలరునే యజమానిగా భావిస్తారు. ఆ మధ్యలో ఏం జరిగినా బాధ్యత అతనిదే. ట్రయల్, సర్వీసింగ్ లాంటి పనులకు తప్ప ఆ బండిని అతను వాడుకోకూడదు కూడా. పాత కారు అమ్మేవాళ్లకు ఇంత రక్షణ ఇచ్చిన నిబంధన ఇంకొకటి లేదు. అయినా దీని పేరెత్తే ఏజెంటు అరుదు. మీరే అడగాలి. 29సి నమోదైన రసీదు చేతికి రాకుండా తాళాలు ఇవ్వకండి.

అనుమతి లేని డీలరుకో, నేరుగా ఒక వ్యక్తికో అమ్ముతుంటే పాత పద్ధతే. ఫారం 29 అమ్మేవారు ఇచ్చే సమాచారం. ఫారం 30 పేరు మార్పు దరఖాస్తు, దాని మీద ఇద్దరి సంతకాలూ ఉండాలి. రాష్ట్రం లోపలే అమ్మితే 14 రోజుల్లో, వేరే రాష్ట్రానికి అమ్మితే 45 రోజుల్లో మీ వైపు నుంచి రవాణా శాఖకు తెలియజేయాలి. కొన్నవారికి 30 రోజుల గడువు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసి, ఆధార్ ధ్రువీకరణ ఇచ్చి, ఫీజు కట్టి ముందుకెళ్లవచ్చు.

ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి ఇవ్వడం మన దగ్గర పాత అలవాటు. "సార్, పార్టీ దొరకగానే నింపేస్తాం" అంటాడు బ్రోకరు. దొరికిన పార్టీ ఇంకో పార్టీకి అమ్ముతాడు. ఆ ఫారాలు ఏ డిక్కీలోనో నలిగి, ఏ రోజు ఎవరి పేరుతో నింపుతారో తెలియదు. కొనేవారి పేరు, తేదీ, ఛాసిస్ నంబరు నింపని కాగితం మీద సంతకం పెట్టవద్దని గట్టిగా చెబుతున్నాను. అప్పగింత రసీదులో తేదీతో పాటు గంట, నిమిషం కూడా రాయించండి. కిలోమీటరు రీడింగు, తాళాల సంఖ్య, తీసుకున్నవారి గుర్తింపు కార్డు నకలు ఉండాలి. ఆ సాయంత్రమే సిగ్నల్ దాటితే వచ్చే చలాను ఎవరిదో ఆ గంటే తేలుస్తుంది.

పేరు మార్పు పూర్తయ్యే దాకా కొన్ని సంస్థలు ధరలో కొంత ఆపుకుంటాయి. ఎంత ఆపుతున్నారు, ఏ తేదీకి ఇస్తారు, పేరు మార్చే బాధ్యత ఎవరిది అన్నవి ఒప్పందంలో ఉండాలి. నోటిమాట పనికిరాదు. జీఎస్టీ పేరు చెప్పి మీ ధరలో కోత పెడితే ఒప్పుకోకండి. పాత కార్ల మీద 18 శాతం జీఎస్టీ రిజిస్టరైన డీలరు తన లాభం మీద కట్టుకునేది. సొంత కారు అమ్ముకునే సామాన్యుడికి అది వర్తించదు.

తుక్కుకు ఇచ్చేటప్పుడు

పాత సామాను కొట్టువాడు రొక్కం చేతిలో పెట్టి, మర్నాడే క్రేన్ పంపిస్తాడు. సుఖంగానే ఉంటుంది కానీ ఆర్సీ బతికే ఉంటుంది. బండి ముక్కలైపోయినా, ఆ నంబరు, ఆ ఛాసిస్ నంబరు రికార్డులో మీ పేరుతోనే నిలబడి ఉంటాయి. దొంగ బండికి అలాంటి నంబర్లు తగిలించే ముఠాలు పట్టుబడిన వార్తలు మనం చదువుతూనే ఉన్నాం.

సరైన దారి రిజిస్టర్డ్ వెహికల్ స్క్రాపింగ్ ఫెసిలిటీ, అంటే ప్రభుత్వ గుర్తింపు ఉన్న తుక్కు కేంద్రం. వీటికి 2021 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. కేంద్ర రవాణా శాఖ వారి పరివాహన్ వెబ్‌సైటులో వి-స్క్రాప్ అనే విభాగం ఉంది. అక్కడ మొబైల్ ఓటీపీతో లాగిన్ అయి, వాహనం నంబరు, ఛాసిస్ నంబరు చివరి అంకెలు ఇస్తే వివరాలు వాటంతట అవే వస్తాయి. తుక్కు కేంద్రాన్ని ఎంచుకుని దరఖాస్తు పంపిస్తే దరఖాస్తు నంబరు ఇస్తారు. మీ కారు ఒక రాష్ట్రంలో రిజిస్టరైనా వేరే రాష్ట్రంలోని కేంద్రానికి ఇవ్వవచ్చు. ఒరిజినల్ ఆర్సీ, గుర్తింపు, చిరునామా రుజువులు, పాన్, క్యాన్సిల్డ్ చెక్కు దగ్గర పెట్టుకోండి. బండి తీసుకునే ముందు వాళ్లు దొంగతనం కేసుల రికార్డు, బ్లాక్‌లిస్టు, ఫైనాన్స్, బకాయిలు చూస్తారు.

ధర బరువును బట్టి కడతారు. కేంద్ర ప్రభుత్వ విధానంలో చెప్పిన అంచనా ప్రకారం తుక్కు విలువ కొత్త కారు ఎక్స్-షోరూం ధరలో సుమారు 4 నుంచి 6 శాతం. బ్యాటరీ, స్టెప్నీ, అలాయ్ వీల్స్, సైలెన్సర్‌లోని క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగను శుద్ధి చేసే భాగం) ఉన్నాయా లేవా అన్నదాన్ని బట్టి రేటు మారుతుంది. అవి ముందే తీసి అమ్ముకుని, మిగిలిన డొక్కుకు పూర్తి రేటు అడిగితే ఇవ్వరు. ఒకే ఊళ్లో రెండు కేంద్రాలుంటే రెండింటినీ అడగండి. టోయింగ్ ఖర్చు ఎవరిదో ముందే తేల్చుకోండి.

బండి అప్పగించగానే మీకు రావలసింది సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్, అంటే బండిని తుక్కుకు అప్పగించినట్టు ధ్రువపత్రం. ఇదే అసలు ఆస్తి. దీన్ని చూపిస్తే కొత్త బండి రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు ఉంటుంది. కేంద్ర నిబంధన ప్రకారం సొంత వాహనాల పన్నులో 25 శాతం వరకు, రవాణా వాహనాలకు 15 శాతం వరకు రాయితీ ఇవ్వవచ్చు. ఎంత ఇవ్వాలన్నది రాష్ట్ర ప్రభుత్వ ఉత్తర్వును బట్టి ఉంటుంది కాబట్టి కొత్త కారు బుక్ చేసే ముందు మీ రవాణా శాఖ ఆఫీసులో అడగండి. మన దగ్గర లైఫ్ ట్యాక్స్ ఒకేసారి కడతాం, అందులో చిన్న శాతం తగ్గినా చెప్పుకోదగ్గ మొత్తమే. కొత్త కారు కొనే ఆలోచన లేకపోతే ఈ సర్టిఫికెట్‌ను ఇంకొకరికి అమ్ముకోవచ్చు కూడా. ఈ సంగతి తెలియక, తుక్కు డబ్బుతోనే సరిపెట్టుకుని సర్టిఫికెట్ అడగకుండా వచ్చేసేవాళ్లను చూస్తే బాధేస్తుంది.

తర్వాత కేంద్రంలో బ్యాటరీ విప్పుతారు, ఆయిళ్లు, కూలెంట్, ఏసీ గ్యాస్ తీస్తారు, ఛాసిస్ నంబరున్న ముక్కను కోసి వేరుగా భద్రపరుస్తారు. ఆ పని ముగిశాక సర్టిఫికెట్ ఆఫ్ వెహికల్ స్క్రాపింగ్ వస్తుంది. రిజిస్ట్రేషన్ రద్దుకు ఆధారం ఇదే. మొదటి సర్టిఫికెట్ రాగానే పని అయిపోయిందనుకోకండి. రెండోదాని కోసం కూడా కేంద్రానికి ఫోన్ చేస్తూ ఉండండి.

యజమాని చనిపోతే, విదేశంలో ఉంటే

నాన్నగారి పేరు మీదున్న కారు ఆయన పోయాక అమ్మాలంటే ముందు వారసుల పేరు మీదకు మార్చాలి. 30 రోజుల్లో రవాణా శాఖకు సమాచారం ఇచ్చి, మూడు నెలల్లో ఫారం 31 (వారసుల పేరు మార్పు దరఖాస్తు) వేయాలి. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మిగతా వారసుల అంగీకారం సిద్ధం చేసుకోండి. దుఃఖంలో ఉన్న ఇంట్లో ఈ పని ఎవరికీ గుర్తు రాదు. బంధువుల్లో ఒకరు భుజాన వేసుకుంటే మంచిది.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్నవాళ్ల కార్లు ఇక్కడ అమ్మానాన్నల ఇంటి ముందు కవరు కింద ఉండిపోతాయి. మీ తరఫున ఇక్కడివాళ్లు పని చేయాలంటే అధికార పత్రం (పవర్ ఆఫ్ అటార్నీ) కావాలి. అది అక్కడి భారత కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించినదైతే ఇబ్బంది రాదు. చిక్కంతా ఆధార్ ఓటీపీ దగ్గర వస్తుంది. ఆధార్‌కు లింకయిన భారతీయ నంబరు పనిచేస్తోందో లేదో, ఈసారి సెలవుకు వచ్చినప్పుడే చూసుకోండి.

డబ్బు ముట్టిన తర్వాత

కొద్ది వారాలు ఆగి పరివాహన్‌లో గానీ రవాణా శాఖ వెబ్‌సైటులో గానీ బండి నంబరు కొట్టి, యజమాని పేరు మారిందో, రిజిస్ట్రేషన్ రద్దయిందో చూడండి. ఇంకా మీ పేరే కనిపిస్తుంటే కొన్నవారికి రాతపూర్వకంగా గుర్తుచేయండి. అప్పటికీ కదలకపోతే అప్పగింత రసీదు, ఫారం 29 నకలు జతచేసి రిజిస్టరింగ్ అధికారికి అర్జీ ఇచ్చి, స్టాంపు వేసిన అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోండి.

ఫాస్టాగ్ అద్దం మీద నుంచి చించేస్తే సరిపోదు. ఇచ్చిన బ్యాంకుకు చెప్పి ఖాతా మూయించి, మిగిలిన సొమ్ము వెనక్కి తీసుకోవాలి. బీమా పాలసీని కొన్నవారు 14 రోజుల్లో తమ పేరుకు మార్చుకోవాలి. క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, అంటే నో క్లెయిమ్ బోనస్ (ఎన్‌సీబీ), మాత్రం బండితో పోదు, అది మీది. అమ్మిన కాగితాలు చూపించి బీమా కంపెనీ నుంచి ఎన్‌సీబీ లెటర్ తీసుకుంటే మూడేళ్ల లోపు కొనే కొత్త కారు పాలసీలో గరిష్ఠంగా 50 శాతం వరకు తగ్గింపు పొందవచ్చు. తుక్కుకు ఇచ్చినట్లయితే స్క్రాపింగ్ సర్టిఫికెట్ చూపించి పాలసీ రద్దు చేయించుకుని, మిగిలిన కాలానికి ప్రీమియం ఎంత వెనక్కి వస్తుందో అడగండి.